నలభైకి మూడు తక్కువ

సెప్టెంబర్ 21, ఆదివారం

తిరుపతిలో మా హాస్టల్ ఎదురుగా ఉన్న ఫ్యాన్సీ స్టోర్‌లో కొత్తగా బరువు మిషన్ పెట్టారు. చెప్పులు విప్పి, ఫోన్ రూమ్మేట్ నిలోఫర్ చేతికిచ్చి ఎక్కాను. ముప్పై ఏడు. దిగి మళ్ళీ ఎక్కాను. ముప్పై ఏడే.

కానిస్టేబుల్ సెలెక్షన్‌లో ఆడవాళ్ళకి నలభై ఉండాలి. రాతపరీక్ష పాసయ్యాను. ఎత్తు సరిపోతుంది. పదహారు వందల మీటర్లు పదిన్నర నిమిషాల్లో పరిగెత్తమంటారు, నేను పది లోపే వస్తున్నాను. మా గ్రౌండ్‌లో ఆడపిల్లల్లో నాకంటే ముందు వచ్చేది నిలోఫర్ ఒక్కతే. అదీ రోజూ కాదు. ఇన్నీ ఉండి మూడు కిలోల దగ్గర ఆగిపోతే ఎవరితో చెప్పుకోవాలి?

"నాది నాలుగు కిలోలు తీసుకో మే, ఊరికే ఇస్తా," అంది నిలోఫర్. ఇద్దరం నవ్వాం. రూముకొచ్చాక నాకు నవ్వు రాలేదు.

సెప్టెంబర్ 22

కోచ్ ఢిల్లీబాబు సార్‌కి చెప్పాను. మిలిటరీలో పనిచేసి వచ్చిన మనిషి, ఏదీ మెత్తగా చెప్పరు.

"పరుగైతే నేను నేర్పిస్తా పవిత్రా. బరువు నేను యాడనుంచి తెచ్చేది? తినాల్సింది నువ్వే."

ఫిజికల్ టెస్ట్ డిసెంబర్లో ఉండొచ్చంటున్నారు. తింటాను. గుడ్లు, అరటిపళ్ళు, వేరుశెనగ ఉండలు. తినడం కూడా ప్రాక్టీసే అనుకుంటే సరి.

సెప్టెంబర్ 28, ఆదివారం

మా ఊరు పాకాల వెళ్ళి వచ్చాను. స్టేషన్ రోడ్డులో అమ్మ ఇడ్లీ అంగడి దగ్గర పొద్దున్నే జనం. నేను ప్లేట్లు అందిస్తుంటే రైల్వే ఆయన ఒకాయన, "ఊరికంతా పెడతావు, కన్నబిడ్డకు మాత్రం పెట్టవా భారతమ్మా?" అన్నాడు. అమ్మ నవ్వింది. ఆయన వెళ్ళాక నాకు నాలుగు ఇడ్లీలు పెట్టి ఎదురుగా నిలబడింది. రెండు తిన్నాను. మూడోది నోట్లో తిరుగుతూనే ఉంది, లోపలికి పోలేదు. చిన్నప్పటి నుంచీ ఇంతే. అన్నం చూస్తే కోపమేమీ లేదు, ఆకలే వేయదు.

మిగిలినవి నాయన తినేశాడు.

సెప్టెంబర్ 30

ఎదురు రూములో ఉండే పల్లవి పట్టుచీరల షోరూంలో పనిచేస్తుంది. షోరూం వాళ్ళు తీసే వీడియోల్లో చీరలు కట్టుకుని కనిపించేది తనే. నిండుగా, గుండ్రంగా ఉంటుంది ముఖం. ఈరోజు తన పాత ఫొటో ఒకటి చూపించింది. నమ్మలేకపోయాను. గొంతు కింద ఎముకలు, లోపలికి పోయిన బుగ్గలు. నాకంటే అన్యాయం.

"ఆకలి మాత్రలక్కా," అంది పల్లవి. "తెల్లది ఒకటి, పచ్చది ఒకటి. నెల తిరిగేలోగా నీకే తెలుస్తాది."

డాక్టర్ చీటీ ఏమీ అక్కర్లేదట. మా వీధి చివర మందుల అంగడిలో "పల్లవి చెప్పింది" అంటే చాలట.

అక్టోబర్ 1

తెచ్చుకున్నాను. స్ట్రిప్ లేదు, పేరు లేదు. డబ్బాలోంచి కాగితం కవర్లో పోసి ఇచ్చాడు. తెల్లది పొద్దున, రాత్రి. ఆకుపచ్చది మూడు పూటలా.

నిలోఫర్ కవర్ తిప్పి తిప్పి చూసింది. "పేరు లేని మాత్ర ఎందుకు మింగేది?"

"విటమిన్లంట."

"ఎవరు సెప్పినారు?"

నీళ్ళతో మింగేశాను.

అక్టోబర్ 4

ఆకలంటే ఇదా!

పొద్దున గ్రౌండ్ నుంచి వస్తుంటే కడుపులో ఎవరో చెయ్యి పెట్టి లాగినట్టైంది. జబ్బేమో అనుకున్నాను. మెస్‌లో కూర్చుని పొంగలి తిన్నాను, మళ్ళీ పెట్టించుకున్నాను, మళ్ళీ. వడ్డించే అలివేలమ్మ గరిటె గాల్లో ఆపి నన్ను చూసింది. "ఏం పాపా, ఈ పొద్దు సూరీడు యాడ పొడిసినాడు?" మధ్యాహ్నం పప్పు, చింతకాయ పచ్చడి, ప్లేటు తుడిచి తిన్నాను. వేలు నాక్కున్నాను కూడా. ఇరవై మూడేళ్ళు వచ్చాయి, తిండి ఇంత రుచిగా ఉంటుందని ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు. అంటే చెప్పారు, నాకు అర్థం కాలేదు.

అక్టోబర్ 8

గ్రౌండ్‌కి వెళ్ళలేదు. నిలోఫర్ లేపిందట, నేను సరే అన్నానట, మళ్ళీ పడుకున్నానట. ఏదీ గుర్తులేదు. ముసురు పట్టింది కదా, అందుకే నిద్ర.

అక్టోబర్ 11

మళ్ళీ వెళ్ళలేదు. ముసురు.

అక్టోబర్ 20

దీపావళికి ఇంటికొచ్చాను. ముప్పై తొమ్మిది దాటింది! అమ్మ గుమ్మంలోనే నా బుగ్గలు రెండు చేతులతో పట్టుకుంది.

"ముఖం నిండింది సూడు! నేను పంపించిన శెనక్కాయ ఉండలు ఊరికే పోలేదబ్బా," అని నాయనకు చూపించింది.

నాయన తలెత్తి చూసి, "బాగుండాది," అన్నాడు. నాయన నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. 

సాయంత్రం అంగడికి వచ్చినవాళ్ళందరికీ అమ్మ నన్ను చూపించింది. ఉండల్లో ఏమేం వేసిందో కూడా చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. ఔనన్నాను.

అబద్ధం కాదు, ఉండలు కూడా తిన్నాను కదా.

అక్టోబర్ 29

నలభై వచ్చింది.

నలభై!

నవంబర్ 3

టైము సరిగా రాలేదు. సార్ స్టాప్‌వాచీ చూసి, నన్ను చూసి, మళ్ళీ వాచీ చూశారు. పదిన్నర దాటింది. వానకి ట్రాక్ అంతా బురద. అందరికీ టైము పెరిగింది. నిలోఫర్‌కి పెరగలేదు గానీ, అది బురదలో బాగా పరిగెడుతుంది.

నవంబర్ 6

హాస్టల్ మెట్లు ఎక్కుతుంటే రెండో అంతస్తులో ఆగి కమ్మీ పట్టుకున్నాను. తొడల్లో బలం లేదు. లోపలి కండ తీసేసి దూది పెట్టినట్టుంది. కొత్తగా వచ్చిన బరువు కదా, కాళ్ళకి అలవాటు కావాలి. మూడు కిలోలు వీపున మోస్తే ఎవరికైనా ఇంతే.

నవంబర్ 9, ఆదివారం

నిలోఫర్‌తో గొడవైంది. అంతా రాస్తాను.

వాళ్ళ నాయన అజ్మతుల్లా చిత్తూరులో టైలర్. టెస్టు రోజు కోసం మా ఇద్దరికీ ట్రాక్ ప్యాంట్లు కుట్టిస్తానని టేపు తెచ్చి కొలతలు తీసుకుంది. నడుము పెరిగింది. తొడ దగ్గర టేపు రెండుసార్లు చుట్టి చూసింది. వేసవిలో తీసిన కొలత ఫోన్లో ఉంది. దానికంటే తగ్గింది.

"ముఖం పెరిగింది, కడుపు పెరిగింది. కాళ్ళు సన్నబడినాయి. ఇది యాడి బరువు మే? ఒళ్ళంతా నీళ్ళు పట్టినట్టుండాది."

"నీకు నలభై నాలుగుండాది కాబట్టి నోరొస్తాది," అన్నాను.

"నువ్వు అద్దంలో సూసుకుంటా ఉండావా లేదా?"

"సూసుకుంటా ఉండా. మా అమ్మ బాగుండానని సెప్పింది."

"మీ అమ్మకు మాత్రల సంగతి తెలుసునా?"

నేను టేపు విసిరికొట్టాను. అది టేపు చుట్టి, బురఖా వేసుకుని బయటికి పోయింది. వచ్చాక కూడా మాట్లాడలేదు.

అసూయ అనుకుంటాను. ఇన్నాళ్ళూ నేను అర్హత లేనిదాన్నని ధైర్యంగా ఉండింది.

నవంబర్ 10

పైన రాసింది కొట్టేయాలనిపించింది. నిలోఫర్ అలాంటిది కాదు. కానీ అది మాట్లాడితే కదా.

నవంబర్ 12

ఈ రోజు నుంచి మాత్రలు మానేశాను, తెల్లదీ పచ్చదీ కూడా. నలభై ఒకటి ఉన్నాను, ఇంకేం కావాలి? ఇక పరుగు చూసుకోవాలి. నిద్రమత్తు పోతే కాళ్ళు వాటంతట అవే వస్తాయి. నిలోఫర్‌కి చెప్పలేదు. టైము వచ్చాక చెబుతాను.

నవంబర్ 13

ఫర్వాలేదు. కొంచెం నీరసం.

నవంబర్ 14

వాంతి. మెస్ చట్నీ పడలేదు.

నవంబర్ 15

గ్రౌండ్‌కి వెళ్ళి తీరాలి రేపు.

నవంబర్ 18

హాస్పిటల్లో రాస్తున్నాను. పుస్తకం నిలోఫర్ తెచ్చి ఇచ్చింది, చదవలేదని ఒట్టు వేసింది.

పదహారో తేదీ పొద్దున గ్రౌండ్‌లో రెండో రౌండ్ మలుపు దగ్గర ట్రాక్ పైకి లేచినట్టు కనిపించింది. తర్వాత నిలోఫర్ గొంతు, సార్ గొంతు, ఆటో హారన్. కళ్ళు తెరిచేసరికి చేతికి సెలైన్. బీపీ బాగా పడిపోయిందట, సుగర్ కూడా.

డాక్టర్ పేరు జయంతి. నడివయసు మనిషి, తొందరలేకుండా మాట్లాడతారు. ఏమేం మందులు వాడుతున్నావని అడిగారు. ఏమీ లేవన్నాను. మళ్ళీ అడిగారు. ఏమీ లేవన్నాను. అప్పుడు నిలోఫర్ తన బ్యాగులోంచి కాగితం కవర్ తీసి మంచం మీద పెట్టింది. నా అలమారలోంచి తెచ్చింది.

డాక్టర్ తెల్లది ఒకటి, పచ్చది ఒకటి అరచేతిలో వేసుకుని చూశారు. "ఇలాంటి కవర్లు ఈ సంవత్సరంలో చాలా చూశాను," అన్నారు. తెల్లది ఆకలి పుట్టించే మందు అయ్యుంటుందట. అలర్జీకి వాడేదట, అందుకే ఆ నిద్ర. అవసరమైనవాళ్ళకి డాక్టర్లే రాస్తారట, చూసి, పరీక్ష చేసి. పచ్చది స్టెరాయిడ్ అయ్యుండాలట, నా ముఖమూ రక్తపరీక్షా అదే చెబుతున్నాయట.

"మన ఒంట్లో రోజూ ఊరే పదార్థం ఒకటుంది. అది లేకపోతే మంచం మీంచి లేవలేం. నువ్వు బయటి నుంచి మింగుతూ ఉంటే, ఇక మనకెందుకులే అని ఒళ్ళు దాన్ని చేయడం మానేస్తుంది. అప్పుడు నువ్వు మాత్ర కూడా మానేశావు. లోపలా లేదు, బయటా లేదు. పడిపోకుండా ఏం చేస్తావు?"

"మరి బరువు మేడమ్?"

"కొంత కొవ్వు, చాలా వరకు నీరు. తొడల్లో కండ కరిగిపోయింది. పరిగెత్తేది దేనితో అనుకున్నావు?"

మాత్ర ఒక్కసారిగా ఆపకూడదట. తనే వేరేది రాసి, వారం వారం తగ్గిస్తారట. పూర్తిగా ఆపాక కూడా ఒంటి మీద కొన్నాళ్ళు కన్నేసి ఉంచాలట. ముఖం తగ్గుతుంది, బరువూ తగ్గుతుంది, అదేం చూసి భయపడొద్దు అన్నారు. నేను భయపడేది సరిగ్గా దానికే అని చెప్పలేదు.

నవంబర్ 19

నిన్న ఇది రాయడానికి చేయి రాలేదు. అమ్మా నాయనా వచ్చింది రాయాలి.

అంగడి మూసేసి వచ్చారు. అమ్మ డాక్టర్ చెప్పిందంతా విన్నది. వార్డులోకి వచ్చి నా పక్కన కూర్చుంది. చీర కొంగు మడతలు పెట్టింది.

"నేను ఊరంతా సెప్పుకున్నా పాపా. నా ఉండలని. నా సేతి తిండి అని. నువ్వు పక్కనే నిలబడుకోని ఉండావు."

"అమ్మా..."

"తినకపోతే తినకపోయినావు. అది ఎప్పుడూ ఉండేదే. నన్నెందుకు అట్ల నవ్వులపాలు సేసినావు?"

కోప్పడి ఉంటే బాగుండేది. అమ్మ గొంతులో కోపం లేదు. అవమానపడినవాళ్ళు ఎలా మాట్లాడతారో అలా మాట్లాడింది.

నాయన కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. అమ్మ సెలైన్ గురించి నర్సును అడగడానికి వెళ్ళినప్పుడు దగ్గరికి వచ్చాడు.

"నువ్వు పోలీసు కావాలని నేనెప్పుడన్నా అడిగినానా?"

"లేదు నాయనా."

"మరి ఎవరికోసరం మే ఇదంతా?"

"నాకే నాయనా. నాకే కావాల."

నాయన తల ఊపాడు. "అట్లయితే సరే. నీకు కావాలంటే వేరే సంగతి. కానీ ఒళ్ళు పోగొట్టుకోని ఉద్యోగం ఏం సేసుకుంటావు? ఆ యూనిఫారం దేనికి తొడుగుతావు?" అని నా కాళ్ళ మీద దుప్పటి సర్దాడు.

నవంబర్ 27

డిశ్చార్జి అయి పాకాలలో ఉన్నాను. అమ్మ మాట్లాడుతోంది గానీ ఏం తిన్నావు, ఎంత తిన్నావు అని అడగడం లేదు. ప్లేటు పెట్టి వెళ్ళిపోతుంది. అది నాకు ఇంకా కష్టంగా ఉంది.

డిసెంబర్ 2

ఈరోజు నేనే అంగడి దగ్గరికి వెళ్ళి ఎప్పుడూ వచ్చే రైల్వే ఆయనతో చెప్పాను. "అన్నా, మా అమ్మ ఉండలు మంచివే. నేను పేరు తెలీని మాత్రలు మింగి హాస్పిటల్లో పడినా. దాంట్లో అమ్మ తప్పేమీ లేదు." నలుగురైదుగురు విన్నారు. ఆయన ఇంకో ఇడ్లీ అడిగాడు.

అమ్మ పిండి గిన్నె మీంచి తల ఎత్తలేదు. ఇంటికెళ్ళేటప్పుడు మాత్రం, "అంతమందిలో సెప్పకుంటే ఏమి?" అని తిట్టింది. ప్రాణం లేచొచ్చింది నాకు.

డిసెంబర్ 8

తిరుపతి వచ్చేశాను. డాక్టర్ జయంతి, "మెల్లగా మొదలుపెట్టు. ఒళ్ళు వద్దంటే ఆగిపో. పంతానికి పోవద్దు," అన్నారు. సార్ ఒక రౌండ్ నడిపించి, ఒక రౌండ్ పరిగెత్తించారు. నిలోఫర్ తన ప్రాక్టీసు మానేసి పక్కనే పరిగెత్తింది. నవంబర్ తొమ్మిదో తేదీ గొడవ సంగతి ఇద్దరమూ ఎత్తలేదు.

డిసెంబర్ 13

టెస్టు తేదీ వచ్చేసింది. డిసెంబర్ 30, చిత్తూరు. బరువు ముప్పై ఎనిమిదిన్నర.

డిసెంబర్ 19

పల్లవి రూముకొచ్చింది. "ఇంకా ఎన్ని రోజులుండాది అక్కా? పది పన్నెండు రోజులు మింగితే ఏమయిపోతాది? టెస్టు అయినాక నిదానంగా మానేద్దువు," అని కొత్త కవర్ బల్ల మీద పెట్టింది. దాని మాటలో చెడు ఏమీ లేదు. నా బాధ చూడలేక తెచ్చింది.

తీసుకోలేదు.

డిసెంబర్ 20

తీసుకోలేదని రాశాను. కవర్ వెనక్కి ఇవ్వలేదు. పెట్టెలో బట్టల కింద పెట్టాను. మింగలేదు.

డిసెంబర్ 21

మింగలేదు. రెండుసార్లు తీసి చూశాను.

డిసెంబర్ 22

నిలోఫర్ చేతికిచ్చేశాను. అది తీసుకుపోయి, మాత్రలన్నీ బాత్రూంలో పోసి కుళాయి తిప్పింది. నీళ్ళ శబ్దం ఆగేదాకా మంచం మీద కూర్చునే ఉన్నాను.

డిసెంబర్ 29

చిత్తూరులో నిలోఫర్ వాళ్ళింట్లో ఉన్నాను. వాళ్ళమ్మ ఆయిషా బీ నన్ను చూడగానే, "యా అల్లా, ఈ పాప పోలీసా? దొంగలు సంకలో పెట్టుకోని పోతారే!" అంది. అందరం నవ్వాం, నేను కూడా. అజ్మతుల్లా మామ కుట్టిన ప్యాంటు నడుము దగ్గర వదులైంది. విప్పమని, కుట్టు మిషన్ ముందు కూర్చుని మళ్ళీ కుట్టి ఇచ్చాడు.

వాళ్ళ ఎదురింటి బరువు మిషన్ మీద ముప్పై తొమ్మిది కంటే కొంచెం ఎక్కువ. నిజంగా నాది. ఈ ఒక్క కిలోకి ఏం చేయాలో గ్రౌండ్‌లో అందరికీ తెలుసు.

డిసెంబర్ 31

అయిపోయింది.

నిన్న పొద్దున మంచు. పోలీసు గ్రౌండ్ బయట ఆడపిల్లలం వందల్లో ఉన్నాం. ఒకామె అరటిపళ్ళ అత్తం మొత్తం ఒక్కతే తింటోంది. ఇంకొకామె కొప్పు ఎత్తుగా కట్టుకుంటుంటే పక్కనున్నామె, "జుట్టు విప్పి కొలుస్తారంట," అంది, పాపం విప్పేసుకుంది. నేను నీళ్ళు తాగుతున్నాను. రెండు సీసాలు తాగాను. మూడోది సగం తాగేసరికి గొంతులోకి వచ్చింది. నిలోఫర్ వీపు రాస్తూ, "చాలు మే, పరిగెత్తల్ల నువ్వు," అంది. నేను మిగతా సగమూ తాగేశాను.

బరువు కొలిచే లేడీ ఎస్సై నన్ను కిందికీ పైకీ చూసింది. మిషన్ మీద నిలబడి ఊపిరి బిగబట్టాను, ఊపిరికి బరువున్నట్టు. నలభై పాయింట్ ఒకటి. "క్వాలిఫైడ్" అని రాసింది. నిలోఫర్ వెనక లైన్లోంచి గట్టిగా అరిచింది, దాన్ని కసిరారు.

బాత్రూంకి పోనిస్తారనుకున్నాను. వెంటనే చెస్ట్ నంబర్ ఇచ్చి లైన్లో నిలబెట్టారు.

మొదటి రౌండ్ బాగానే పోయింది. రెండో రౌండ్‌లో కడుపులో నీళ్ళు అటూ ఇటూ కొట్టుకోవడం నాకే వినిపించింది. మూడో రౌండ్‌లో పక్కకి వంగి కక్కుకున్నాను. ఆగలేదు, పరిగెత్తుతూనే కక్కుకున్నాను. తర్వాత తేలికైంది. కానీ కాళ్ళు ఇంకా పూర్తిగా నావి కాలేదు. సెప్టెంబర్‌లో ఇదే దూరం నేను నవ్వుతూ పరిగెత్తాను. చివరి మలుపు దగ్గర నిలోఫర్ అప్పటికే ముగించి గీత అవతల నిలబడి ఉంది. రెండు చేతులూ ఊపుతోంది, నోరు తెరిచి ఏదో అరుస్తోంది. నేను గీత దాటేసరికి విజిల్ ఊది కొంచెంసేపైంది.

"టైమ్ అవుట్ పాపా," అన్నాడు అక్కడి కానిస్టేబుల్. నా నంబరు విప్పుతూ, "కక్కుకున్నా ఆగలేదే, సూసినా నేను," అన్నాడు. థాంక్స్ అన్నాను.

నిలోఫర్ పాసైంది. లాంగ్ జంప్ కూడా దూకేసింది. నా దగ్గరికి వచ్చి సంతోషంగా ఉండాలో వద్దో తెలియనట్టు నిలబడింది. నేనే కావలించుకున్నాను. నిజంగానే సంతోషమేసింది.

ఏడవలేదు. పాకాల బస్సులో కళ్ళు మండాయి. కిటికీ అద్దం సరిగా మూసుకోలేదు, దుమ్ము.

జనవరి 3

ముప్పై ఎనిమిదిన్నర. ఇక ఎందుకు చూసుకున్నానో.

జనవరి 4

నాయన, "మళ్ళా నోటిఫికేషన్ ఎప్పుడంట?" అని అడిగాడు. తెలియదన్నాను. "వచ్చేదాకా ఈడ అంగట్లో ఉండు. పొద్దున్నే రైల్వే గ్రౌండ్‌లో పరిగెత్తు," అన్నాడు. అమ్మ కూడా అదే మంచిదంది. సరే అన్నాను. రేపు వెళ్ళి హాస్టల్ ఖాళీ చేసి రావాలి.

జనవరి 6

ఇదంతా నిన్న జరిగింది.

పెట్టె సర్దేసి, కింద వాచ్‌మన్ గది దగ్గర పెట్టి, పల్లవికి చెప్పి పోదామని పైకి వెళ్ళాను. తలుపు తీసే ఉంది. పల్లవి నేల మీద కూర్చుని ఉంది, చుట్టూ ఇస్త్రీ చేసిన చీరలు. నన్ను చూసి నవ్వి లేవబోయింది. లేవలేకపోయింది. మంచం కోడు పట్టుకుంది, మోకాలు మడిచి ప్రయత్నించింది, మళ్ళీ కూర్చుండిపోయింది.

"తిమ్మిరెక్కింది," అంది.

నాకు తెలుసు ఆ తిమ్మిరి.

తలుపు వేసి దాని పక్కన కూర్చున్నాను. "ఎన్నాళ్ళయింది పల్లవీ నువ్వు మొదలుపెట్టి?"

"రెండేండ్లు దాటింది."

"రోజూనా?"

"మధ్యలో ఒకసారి ఆపినా. లేవలేక పోయినా. మళ్ళా మింగితే సరిపోయింది. అందుకే మంచి మందే అనుకున్నా అక్కా, ఒట్టు."

చేతి మీద నల్లటి కమిలిన మచ్చలున్నాయి. ఎక్కడా దెబ్బ తగల్లేదట, ఊరికే వస్తాయట. జాకెట్ చేతులు పొడుగ్గా కుట్టించుకుంటోంది అందుకే. నేను డాక్టర్ జయంతి చెప్పిందంతా చెప్పాను. లోపలా లేదు, బయటా లేదు అన్న మాట కూడా. పల్లవి వింటూ ఒక చీర మడత విప్పి మళ్ళీ వేసింది.

"నీకేమక్కా. నీకు కావాల్సింది కాళ్ళు. నాకు కావాల్సింది ఈ ముఖం. ముఖం పోతే షోరూంలో నన్ను వెనక గోడౌన్లో ఏస్తారు. ముందు నేను ఆడే ఉన్నా. అట్టపెట్టెలు ఎత్తేదాన్ని."

ఆ చీర దాని చేతిలోంచి తీసి పక్కన పెట్టాను.

"కానీ ఇప్పుడు నేల మీంచే లేవలేకపోతా ఉండావే," అన్నాను.

పల్లవి ఏడ్చింది. శబ్దం రాకుండా, పక్క రూములకు వినపడకుండా ఏడ్చింది. తర్వాత, "సూపిస్తే ఆపేయమంటారా?" అంది.

"ఆపేయమనరు. తగ్గిస్తారు. నాకు వారం వారం తగ్గించినారు. నీకింకా నిదానంగా చేస్తారేమో."

రెండు చేతులూ ఇచ్చి లేపాను. ఆటోలో తీసుకుపోయాను. సాయంత్రం ఓపీలో చాలాసేపు కూర్చున్నాం. పల్లవి రెండుసార్లు బాత్రూంకని లేచింది, రెండుసార్లూ నేను వెంట వెళ్ళాను, పారిపోతుందని భయమేసి.

డాక్టర్ నన్ను గుర్తుపట్టారు. పరుగు సంగతి అడిగారు. పోయింది మేడమ్ అన్నాను. పల్లవిని చాలా సేపు చూశారు. బీపీ ఎక్కువుంది, సుగర్ ఎక్కువుంది. ఎముకలకు ఫొటో తీయించమన్నారు. రెండేళ్ళు అని వినగానే పెన్ను కింద పెట్టారు.

"ఈమెకి ఆ అంగడి సెప్పింది నేనే మేడమ్," అంది పల్లవి ఉన్నట్టుండి, నన్ను చూపిస్తూ. "మంచి జరగాలని సెప్పినా."

"తెలుస్తూనే ఉందమ్మా," అన్నారు డాక్టర్. అంగడి ఎక్కడుందో నన్ను అడిగి రాసుకున్నారు, డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్‌కి పంపుతానన్నారు. తర్వాత కాగితం మీద మందులు తగ్గించే వరుస రాశారు. నెలలు పడుతుందట. ఒక్క రోజు మరిచిపోయినా ప్రమాదమట, కళ్ళు తిరిగినా వాంతి అయినా వెంటనే తీసుకురావాలట. "రూములో తోడు ఎవరుంటారు? రోజూ చూసుకునేవాళ్ళు?"

పల్లవి నేల చూపులు చూసింది. వాళ్ళది గూడూరు అవతల ఏదో పల్లె. ఇంట్లో ఎవరికీ తెలియదు.

నా పెట్టె వాచ్‌మన్ గది దగ్గర ఉంది. ఇంట్లో అమ్మ నా కోసం వంట చేసి ఉంటుంది.

"నేనుంటా మేడమ్," అన్నాను.

బయటికొచ్చి అమ్మకు ఫోన్ చేశాను. కొన్ని నెలలు రానని చెప్పాను, ఎందుకో చెప్పాను. అమ్మ అంతా విని, "ఆ పాపకు ఉప్పు తగ్గించమన్నారా?" అని అడిగింది. ఔనన్నాను. "అట్లయితే ఉప్పు లేని పొడి కొట్టి పంపిస్తా, నాయన తెస్తాడు," అంది.

హాస్టల్‌కి వచ్చేసరికి వార్డెన్ నా మంచం ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. పల్లవి పెట్టెకి ఒక చెయ్యి వేయబోయింది, వద్దన్నాను. కమ్మీ పట్టుకుని అది ముందు మెల్లగా ఎక్కింది. పెట్టె నెత్తిన పెట్టుకుని వెనకాలే నేను ఎక్కాను. రెండో అంతస్తులో పల్లవి ఆగింది. నాకు ఆగాల్సిన అవసరం రాలేదు గానీ, దానితో పాటు ఆగాను.